పందొమ్మిది ఇళ్ళలో మూగబోయిన కార్డు

నెవెనాకి ఆగడం చేతకాదు. రైలు కూత వినపడకముందే సంచీ భుజానికి తగిలించుకునే మనిషి. ఆరో ఏట తట్టు సోకి చూపు పోయింది గానీ, ఆ తొందర మాత్రం పోలేదని ఆమెను ఎరిగినవాళ్ళు అంటుంటారు.

దాన్యూబ్ ఒడ్డున రూసే ఊళ్ళో, ఓడల కంపెనీ టెలిఫోన్ ఎక్స్‌చేంజీలో ఇరవై ఏడేళ్ళు ఆపరేటరుగా పనిచేసింది. వియన్నా నుంచి, రెగెన్స్‌బుర్గ్ నుంచి వచ్చే కాల్స్ అన్నీ ఆమె చేతుల మీదుగానే పోయేవి. జర్మన్ ఎంత చక్కగా మాట్లాడేదంటే, అవతలివాళ్ళు ఆమెది తమ ఊరే అనుకుని ఏ వీధిలో ఉంటారని అడిగేవారు. తరువాత కంపెనీ ఒక యంత్రాన్ని కొంది. "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అని చెప్పే యంత్రం. నెవెనాని ఇంటికి పంపేశారు. ఆ రకం యంత్రం గొంతు వింటే చాలు, ఆమెకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

ఇంట్లో కూర్చున్న మనిషి ఊరుకుంటుందా? అంధుల సంఘం వాళ్ళు ఇచ్చిన ఒక పాత కంప్యూటర్ని రెండు నెలల్లో లొంగదీసుకుంది. తెర మీద ఏముందో గొంతుతో చదివి చెప్పే ప్రోగ్రాం అందులో ఉంది. మీటలు నొక్కడం, వినడం, అంతే. ప్రతి శనివారం ఉదయం పదకొండింటికి దేశం నలుమూలల నుంచి నలభై మంది దాకా చూపులేనివాళ్ళు ఎవరి ఇంట్లో వాళ్ళు కంప్యూటర్ల ముందు కూర్చుని, ఇంటర్నెట్‌లో ఒకరి మాటలు ఒకరు వింటూ సభ జరుపుకునేవారు. ఆ సభ మొదలుపెట్టింది నెవెనాయే. ఆ పాత కంప్యూటర్లకు సొంత గొంతు లేదు గనక, ఫలానా కంపెనీ సౌండ్ కార్డు కొనుక్కోండి, మాట గంటలా వినిపిస్తుంది అని అందరికీ చెప్పింది కూడా ఆమే.

2005 జూన్‌లో ఒక సోమవారం పొద్దున ఆ కార్డు తయారుచేసే జర్మన్ కంపెనీ నుంచి ఈమెయిల్ వచ్చింది. కొత్త డ్రైవర్ వచ్చింది, వేసుకుంటే ధ్వని ఇంకా బాగుంటుంది అని. డ్రైవరంటే కార్డుకీ కంప్యూటర్‌కీ మధ్య మాట కలిపే చిన్న ప్రోగ్రాం. నెవెనా వెంటనే దాన్ని దించుకుని వేసుకుంది. కంప్యూటర్ని ఆపి మళ్ళీ పెట్టకముందే, ఉండబట్టలేక సభవాళ్ళందరికీ ఉత్తరం రాసేసింది: "కొత్తది వచ్చిందర్రా, వేసుకోండి!"

అప్పుడు కంప్యూటర్ని ఆపి మళ్ళీ పెట్టింది. ఫ్యాను తిరిగింది. లోపలి డిస్కు గరగరలాడి సద్దుమణిగింది. ఇంక పలకరించాలి. పలకలేదు. మీటలు నొక్కింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

రాసిన ఉత్తరం అప్పటికే నలభై ఇళ్ళకు చేరింది.

అరగంటలో ఫోను మోగింది. విదిన్ ఊరి నుంచి ఖరలాంపి. పెళ్ళిళ్ళలో అకార్డియన్ వాయించి రిటైరైన పెద్దమనిషి, ఒంటరివాడు.

"నా కంప్యూటర్ చచ్చిందమ్మా నెవెనా! నువ్వు వేసుకోమంటేనే కదా వేసుకున్నా! నువ్వు వేసుకున్నావా అసలు?"

"వేసుకున్నా."

"మరి?"

"నాదీ చచ్చింది."

"వేసి చూసి చెప్పాలా, చెప్పి చూడాలా?"

సాయంత్రానికి లెక్క తేలింది. పందొమ్మిది ఇళ్ళలో గొంతు పోయింది. ఒక్కొక్కరూ ఫోన్ చేసినప్పుడల్లా ఆమె చెంపలు వేడెక్కిపోయాయి.

కింది అంతస్తులో పెంకా ఉంటుంది. దర్జీ పని చేసి మానేసిన ముసలామె, నోరున్న మనిషి. నెవెనా ఆమెను పిలిచి తెర ముందు కూర్చోబెట్టింది.

"డ్రైవరు సరిగ్గా లేదు వదినా. తెర మీద ఏముందో చూసి చెప్పు."

"డ్రైవరేమిటే, దీనికి చక్రాలున్నాయా?" అంటూ పెంకా కళ్ళద్దాలు పెట్టుకుంది. "ఒక బొమ్మ ఉంది. గది. మధ్యలో కుర్చీ, కుర్చీలో మొహం లేని మనిషి. చుట్టూ స్పీకర్లు. కింద ఏదో రాశారు. మన అక్షరాలు కావే ఇవి! మన 'యా' ఒకటి అటు తిరిగి నిలబడింది."

"అది మన 'యా' కాదు, అద్దంలో 'యా'లా కనిపించే వాళ్ళ 'ఆర్'. ఇంకేముంది?"

"ఎర్రటి బటనుంది. నొక్కమన్నట్టే ఉంది."

నెవెనా కీబోర్డు మీద ఉన్న మీటలన్నీ నొక్కింది. బటన్ కదలలేదు. మౌస్ కావాలి. చూపులేని మనిషికి మౌస్‌తో పనేముంది? అది రెండేళ్ళుగా బీరువాలో చెప్పుల పెట్టెలో ఉంది. తీసి తగిలించి, కంప్యూటర్ని మళ్ళీ పెట్టారు. పెంకా జన్మలో దాన్ని ముట్టుకోలేదు.

"బాణం గుర్తు కుడికి పోవాలే, కానీ బల్ల అయిపోయింది!"

"ఎత్తి మళ్ళీ మధ్యలో పెట్టు, వదినా!"

"ఎత్తితే పారిపోదూ?"

పది నిమిషాలు కుస్తీ పట్టాక బాణం ఎర్ర బటన్ మీదికి ఎక్కింది. పెంకా నొక్కింది. అంతే, స్పీకర్లలోంచి ఆ పరిచయమైన గొంతు పెద్దగా పలికింది. పెంకా ఉలిక్కిపడి కుర్చీతో సహా వెనక్కి జరిగింది. నెవెనా ఆమెను కావలించుకుని రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టేసింది.

సంతోషం ఎంతోసేపు నిలవలేదు. కంప్యూటర్ని ఆపి పెడితే మళ్ళీ మౌనమే. ఆ బొమ్మ ప్రతిసారీ వస్తుంది. ఎర్ర బటన్ నొక్కేదాకా కార్డు నోరు విప్పదు. నొక్కడానికి మౌస్ కావాలి, చూడడానికి కళ్ళు కావాలి. నెవెనాకి పెంకా ఉంది. ఖరలాంపికి ఎవరున్నారు?

మంగళవారం ఆమె ఆ కార్డు కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. యంత్రం ఎత్తింది. ఒకటి నొక్కింది, మూడు నొక్కింది, నలభై నిమిషాలు పియానో విన్నది. చివరికి ఒక కుర్రగొంతు పలికింది.

"తెర మీద ఏం కనిపిస్తోంది మేడమ్?"

"నాకు కనిపించదు బాబూ. నాకు చూపు లేదు. మీ కార్డు పలికితేనే నాకు తెర తెలుస్తుంది."

కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. "అలాగా. అయితే ఆ తెరను ఫొటో తీసి పంపించండి."

బుధవారం ఇంకో గొంతు. "మా దగ్గర బాగానే పనిచేస్తోందండీ. మీ ఫిర్యాదు మూసేస్తున్నాం."

"తెరిచిందెవరు, మూయడానికి?" అంది నెవెనా. అప్పటికే లైను కట్ అయింది.

గురువారం పొద్దున పెంకా చీజ్ పెట్టి కాల్చిన వేడివేడి బానిత్సా పళ్ళెంలో పెట్టుకుని పైకొచ్చేసరికి, నెవెనా టెలిఫోను ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"వదినా, నేనెంత బుద్ధిలేనిదాన్ని! ఇరవై ఏడేళ్ళు ఏం పని చేశాను? జర్మనీవాళ్ళ కంపెనీ నెంబర్లు ఎట్లా ఉంటాయో నాకు తెలియదూ? సహాయ కేంద్రం నెంబరు చివర్లో రెండంకెలున్నాయి. అవి ఆ బల్ల నెంబరు. అవి తీసేసి వేరే రెండంకెలు నొక్కితే, అదే భవనంలో ఇంకో బల్ల మీద ఫోను మోగుతుంది. నేరుగా! మధ్యలో ఏ యంత్రమూ ఉండదు!"

"మొత్తం ఎన్ని బల్లలుంటాయే?"

"వందుంటాయి. నాకేం తొందర?" అంది నెవెనా, అంత తొందరలోనూ.

పదితో మొదలుపెట్టింది. పదకొండులో ఎవరూ ఎత్తలేదు. పన్నెండులో గిడ్డంగి మనిషి విసుక్కున్నాడు. పదిహేడులో ఫ్యాక్స్ యంత్రం కీచుమంది. ఇరవై మూడులో ఒక ఆడమనిషి ఎత్తింది. వెనకాల గిన్నెల చప్పుడు.

"క్యాంటీన్ అండి. ఎవరు కావాలి?"

నెవెనా తన ఆపరేటరు గొంతు బయటికి తీసింది. తానెవరో, ఏ ఊరో, ఏం జరిగిందో, పందొమ్మిది ఇళ్ళలో ఏమైందో దాచకుండా చెప్పింది. అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"డ్రైవర్లు రాసేది మూడో అంతస్తులో ఫోల్క్‌మార్ అమ్మా. పొడుగ్గా, వంగి నడుస్తాడు. సూపులో ఉప్పు ఎక్కువైందని రోజూ నన్ను సాధిస్తాడు. అతని నెంబరు నలభై ఏడు. నేనిచ్చానని చెప్పండి, ఫరవాలేదు."

నెవెనా నలభై ఏడు నొక్కింది. రెండుసార్లు మోగింది.

"ఫోల్క్‌మార్."

ఆమె చెప్పుకుంటూ పోయింది. అతను మధ్యలో రెండుసార్లు అడ్డుపడబోయాడు, ఆమె పడనివ్వలేదు.

"ఆ బొమ్మ నేనే చేశాను మేడమ్," అన్నాడతను చివరికి. "చాలా తేలిక. పెట్టినప్పుడల్లా ఒక్కసారి నొక్కితే అయిపోతుంది. దాని మీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు."

"మీ ముందు కార్డున్న కంప్యూటర్ ఉందా?"

"ఉంది."

"దాన్ని ఆపి మళ్ళీ పెట్టండి. తెర ఆపేయండి. మౌస్ తీగ పీకేయండి. నేను లైన్లోనే ఉంటాను. ఇప్పుడు నాకొక పాట వినిపించండి."

కుర్చీ కిర్రుమంది. తీగ పీకిన టక్కు వినిపించింది. ఫ్యాను హోరు. తరువాత మీటల చప్పుడు మొదలైంది. మొదట నెమ్మదిగా, తరువాత గబగబా, తరువాత దబదబా. నెవెనా ఫోను చెవికి నొక్కిపట్టి వింటోంది. పెంకా ఆమె మోచేయి పట్టుకుని "ఏమంటున్నాడే?" అని గుసగుసలాడింది. అతను తనలో తాను ఏదో తిట్టుకున్నాడు. నాలుగు నిమిషాలు గడిచాయి.

"రావట్లేదు," అన్నాడు ఫోల్క్‌మార్. గొంతు మారిపోయింది. "అసలు దారే లేదు. నేను... నేను దారే పెట్టలేదు."

"అందుకే ఫోన్ చేశాను బాబూ."

"సరిచేస్తాను. కానీ అది పరీక్షలన్నీ దాటి బయటికి రావాలంటే ఆరు వారాలు పడుతుంది."

"మాకు ఎల్లుండి పదకొండింటికి సభ ఉంది."

అంతలో అతను బల్ల మీద అరచేత్తో ఠపీమని కొట్టాడు.

"ఉండండి, ఉండండి! కార్ఖానాలో కార్డుల్ని పరీక్షించేవాళ్ళు రోజుకు వందలసార్లు ఆ బటన్ ఎక్కడ నొక్కుతారు? వాళ్ళ కోసం ఒక దొడ్డిదారి పెట్టాను! కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకుని, పై వరసలో తొమ్మిదో మీట మూడుసార్లు నొక్కండి. ఆ బొమ్మ పోతుంది. మళ్ళీ ఎప్పుడూ రాదు."

ఎర్ర బటన్ జోలికి పోకుండా నెవెనా కంప్యూటర్ని ఆపి పెట్టింది. డిస్కు సద్దుమణిగేదాకా ఆగింది. ఆమె ఆగడం పెంకా చూడడం అదే మొదటిసారి. నొక్కింది. ఒకటి, రెండు, మూడు.

కంప్యూటర్ పలికింది. ఫోన్లోంచి ఫోల్క్‌మార్ కూడా ఆ గొంతు విన్నాడు. అతనికి ఆ భాష ఒక్క ముక్క రాదు, అయినా "విన్నాను! విన్నాను!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు. నెవెనా మరోసారి ఆపి పెట్టి చూసింది. ఈసారి ఏమీ నొక్కనక్కర్లేకుండానే పలికింది. ఇలాంటి మాట చెప్పేముందు రెండుసార్లు చూసుకోవాలని ఆమెకు ఆ వారమే తెలిసివచ్చింది.

శుక్రవారం తెల్లవారగానే మొదలుపెట్టింది. పందొమ్మిది మందిలో తాను పోను పద్దెనిమిది ఇళ్ళు. వర్ణా, ప్లెవెన్, కర్జలీ. ఒక్కొక్కరికీ అదే మాట: "డిస్కు గరగర ఆగేదాకా ఉండండి. ఆగాక ఇరవై లెక్కపెట్టండి. ఇప్పుడు నొక్కండి." ప్రతి ఇంట్లోనూ కంప్యూటర్ నోరు విప్పగానే ఫోన్లో కేక వినిపించేది. ఒకామె ఏడ్చేసింది. ఒకాయన ఫోను పక్కన పడేసి భార్యను పిలుచుకొచ్చాడు. మధ్యాహ్నానికి నెవెనా గొంతు బొంగురుపోయింది. పెంకా చల్లటి అయ్‌రాన్ గ్లాసు చేతికిస్తే మజ్జిగ తాగినట్టు గటగటా తాగి, మళ్ళీ నెంబరు నొక్కింది. ఖరలాంపిని కావాలనే చివరికి ఉంచుకుంది. తిట్లు తినడానికి ఓపిక కూడగట్టుకోవాలి కదా.

"నొక్కానమ్మా. ఏమీ కాలేదు."

"తొమ్మిదో మీటేనా?"

"ఎనిమిదోది. ఆగు. ఇదిగో... అమ్మో! వచ్చిందే! వచ్చింది నెవెనా!" అని అరిచి, అంతలోనే గొంతు తగ్గించాడు. "సోమవారం నేనేదో నోరు జారాను. మనసులో పెట్టుకోకు."

"తప్పు నాదే అన్నా. చూడకుండా చెప్పాను."

"అదీ నిజమేలే," అన్నాడు ఖరలాంపి. ఇద్దరూ నవ్వుకున్నారు.

అన్న మాట ప్రకారం ఆరు వారాలకు కొత్త డ్రైవర్ వచ్చింది. అందులో ఆ బొమ్మ కీబోర్డుతో నడిచింది, ప్రతి మాటా గొంతుతో చదవడానికి వీలైంది. బయటికి వదలకముందు ఫోల్క్‌మార్ రూసేకి ఫోన్ చేసి, నెవెనా చేత వేయించి, ఆమె సరే అన్నాకే వదిలాడు.

అయితే అదంతా తరువాతి సంగతి. ఆ శనివారం పదకొండు కాకముందే సభ నిండిపోయింది. ముప్ఫై ఏడు మంది. జూలైలో వర్ణా సముద్రం దగ్గరికి అందరూ కలిసి ఎట్లా వెళ్ళాలన్నది ఆ రోజు మాట్లాడుకోవలసిన విషయం. ఎవరు మాట్లాడనిస్తారు? అందరూ ఒకేసారి తమ తమ వారం రోజుల మౌనం గురించి చెప్పుకుంటున్నారు. తన పిల్లి కూడా బెంగపెట్టుకుందని కర్జలీ ఆమె అంటోంది. వెనకాల ఎవరో పాట ఎత్తుకున్నారు. "ఒక్కొక్కరూ, ఒక్కొక్కరూ!" అని నెవెనా బొంగురు గొంతుతో అరుస్తోంది, ఎవరికీ వినపడటం లేదు. చివరికి ఆమె కూడా వదిలేసి, క్యాంటీన్‌లో ఫోనెత్తిన మనిషి సంగతి అందరికంటే గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది. వర్ణా ప్రయాణం మాట పై వారానికి వాయిదా పడింది.