అన్న విరవాల్సిన పిట్టలు

సునయనది బీహారులో మధుబని దగ్గర ఒక పల్లె. ఎనిమిదేళ్లుగా కొల్లేటి గట్టున, వెంకటరత్నం గారి చేపల చెరువు దగ్గర రేకుల షెడ్డులో ఉంటోంది. చెరువులో మేత చల్లే అన్న రామాశీష్ ఒక్కడే ఆమెకు తోడు.

వలస పక్షులు కొల్లేటికి దిగే రోజుల్లోనే వాళ్ల పండగ వస్తుంది. సునయన ఏటా కార్తీకంలో చెరువు మట్టితో సామా, చకేవా అనే పిట్టల జంటను చేసేది. పున్నమినాడు అన్న వాటిని మోకాలికేసి విరవాలి. చెల్లెలు ఆ ముక్కల్ని నీళ్లలో వదిలి, అన్న నూరేళ్లు బతకాలని మొక్కుకోవాలి.

మొన్న శ్రావణంలో మోటారు వైరు తగిలి రామాశీష్ ప్రాణం పోయింది. వైరు పాడైందని అతను మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ వెంకటరత్నం గారు "చూద్దాంలే" అన్నారు. ఊరికి తీసుకెళ్లే దారిలేక శవాన్ని ఇక్కడే కాల్చారు.

అయినా ఈ కార్తీకంలో సునయన పిట్టలు చేసింది. చేతులు ఊరుకోలేదట. పున్నమి సాయంత్రం వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే వెంకటరత్నం గారు వచ్చారు. సంగతి అడిగి తెలుసుకున్నారు.

"ఇలా ఇవ్వమ్మా. నన్నే మీ అన్న అనుకో."

జాలికేం, ఆయన దగ్గర కావలసినంత ఉంది. పిట్టల్ని మోకాలికేసి పటుక్కున విరిచారు.

సునయన ముక్కల్ని నీళ్లలో వదిలి, కళ్లు మూసుకుని చాలాసేపు మొక్కుకుంది. తరవాత లేచి కొంగు సర్దుకుంది.

"అన్నయ్యగారూ, మీరు ఆ మోటారు దగ్గరికి వెళ్లకండి. వైరు ఇంకా మార్చలేదండి."