లస్మయ్య చెక్కిన జార్జియా గోడ

పని వంకర పోయిందని తిట్లు తిన్న మేస్త్రీలు లోకంలో బోలెడుమంది. సాపుగా వచ్చిందని తిట్లు తిన్నవాడు మాత్రం ముంబై కామాటిపురాలో లస్మయ్య ఒక్కడే. తాత రాళ్లు మోశాడు, తండ్రి సున్నం కలిపాడు, ఇతను ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ దాకా వచ్చాడు. నలభై ఏళ్లుగా పెళ్లిమండపాలు, సినిమా సెట్లు.

ఈసారి నాగ్‌పాడా కార్ఖానాలో జార్జియా దేశం కట్టాలి. టూరిజం మేళాలో ఆ దేశపు స్టాలు. పని తెచ్చింది పూనం, పదకొండో గల్లీ శంకర్రావు కూతురు, బొమ్మల కాలేజీలో చదివింది. మొత్తం మూడు గోడలు. ఒకటి పాతకాలపు చెక్క బాల్కనీ. "గిది మన చాళ్ల గ్యాలరీయే గద" అని, తమ వరస గదుల ముందుండే చెక్క నడవా తలచుకుని, లస్మయ్య దాన్ని వడ్రంగులకు వదిలేశాడు. ఇంకోటి సోవియట్ కాలపు బస్‌స్టాపు, నిండా రంగు పెంకుల బొమ్మలు. అదీ తేలికే. మూడోది వెయ్యేళ్లనాటి చర్చి గోడ, కిటికీ చుట్టూ రాతిలో చెక్కిన ద్రాక్షతీగలు. లస్మయ్య తల ప్రాణం తోకకు తెచ్చింది ఈ తీగలే.

మొదటి పలక అచ్చులో పోసి ఇచ్చాడు. పూనం దాన్ని ఫొటో పక్కన పెట్టి చూసింది.

"కాకా, గింత సీదా ఉండొద్దు. అప్పటోళ్లు చేతితోని చెక్కిండ్రు. ఈ పక్క ఆకు తీరుగ ఆ పక్క ఆకు లేదు, చూడు."

"అంటే వంకర చెయ్యమంటవా బిడ్డా?"

"వంకర గాదు కాకా. సీదా గూడ గాదు."

లస్మయ్య పంతానికి పోయి, రెండో పలకను కొలిచి మరీ వంకర చేశాడు. కావాలని చేసినట్టు తెలిసిపోతోందని పూనం అదీ తిప్పి పంపింది. అతనికి ఒళ్లు మండిపోయింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా కొడుకు ప్రథమేశ్ వచ్చాడు. తండ్రి దగ్గరే పని నేర్చినవాడు. "పప్పా, హాత్ హల్తోయ్ తుమ్‌చా. నేను చెక్కుత, నువ్వు జర కూసో" అన్నాడు. చెయ్యి వణుకుతోందట! లస్మయ్య ఒంటికాలి మీద లేచాడు. వణికేది చెయ్యి కాదు, ఉలి పిడి వదులైందన్నాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అంది అన్నం తెచ్చిన పెంటమ్మ. కట్టుకున్నది కూడా అదే మాట!

మూడో పలక ముందు కూర్చున్నప్పుడు లస్మయ్య పూనం మాటను పక్కన పెట్టేశాడు. ఆమెకు నచ్చకపోతే మానె. ఈ పలక కొడుక్కి చూపించడానికి. చెయ్యి పోయిందో లేదో వాడే చూసుకుంటాడు. అచ్చు లేదు. దారం కట్టాడు, రసమట్టం పెట్టాడు, ఊపిరి బిగబట్టి ఆకుకు ఆకు సరిపోయేలా రెండు రోజులు చెక్కాడు. జన్మలో ఇంత సాపు పని చెయ్యలేదనుకున్నాడు.

పూనం వచ్చి చూసింది. దీన్నీ ఫొటో పక్కన పెట్టింది.

"కాకా, గిదే! ఒక్క ఆకు లెక్క ఇంకో ఆకు లేదు. గీత ఎట్ల వణికిందో చూడు. ఇంకో ఆరు పలకలు నువ్వే చెయ్యాలె, గిట్లనే."

లస్మయ్య వంగి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆకులు నిజంగానే తలో దిక్కుకు పోతున్నాయి. సిగ్గేసింది, కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

"నేను సాపుగనే చెక్కిన బిడ్డా" అన్నాడు.

కాకా మజాక్ చేశాడనుకుని పూనం పగలబడి నవ్వింది. పనివాళ్లందరూ నవ్వారు. ప్రథమేశ్ ఒక్కడే నవ్వలేదు.