మూతపడని ఫైలు

దయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. ప్రోగ్రాములు రాసేదాన్ని. ఏది జరిగినా దానికొక కారణం ఉంటుంది, కనిపించలేదంటే మనం సరిగ్గా వెతకలేదని అర్థం. ఈ మాట చెప్పి చెప్పి చాలామందిని విసిగించాను కూడా. అందుకే ఇది రాయడానికి కాస్త సిగ్గుగా ఉంది.

నేను పనిచేసేది బలసముద్రం దగ్గరి సోలార్ ప్లాంటు కంట్రోల్ రూములో. మా నాన్న అదే ప్లాంటులో ప్యానెళ్ళు కడిగేవాడు. అంతకుముందు గొర్రెలు కాసేవాడు.

కొన్ని వరసల ప్యానెళ్ళ కరెంటు కలిసి ఒక ఇన్వర్టర్ పెట్టెకు చేరుతుంది. ప్రతి ఇన్వర్టర్‌కీ మా కంప్యూటర్లో ఒక ఫైలు ఉంటుంది. పావుగంటకోసారి రీడింగు అందులో చేరుతుంది. బయట పనిచేసేవాళ్ళు ఫోన్ చేసి ఏదైనా చెబితే, అదీ అందులోనే, వాళ్ళన్న మాటల్లోనే టైపు చేస్తాం. నాన్న కడిగే వరసల ఫైల్లో అన్నీ నాన్న మాటలే. నేను ఫోనెత్తితే "మేడమ్" అని పిలిచి ఏడిపించేవాడు.

పోయిన ఏడు జబ్బుచేసి నాన్న పోయాడు. ఆయన చదువుకోలేదు, ఒక ఉత్తరం రాసింది లేదు. ఆయన మాటలు మాకు మిగిలింది ఆ ఫైల్లోనే. కాపీ చేసుకోవాలని ఎన్నిసార్లు అనుకున్నానో. తెరిస్తే ఏడుపొస్తుందని వాయిదా వేస్తూ వచ్చాను.

ఆ తర్వాత ప్లాంటు పెరిగింది, ఫైళ్ళూ పెరిగాయి. ఒక ప్రోగ్రాం ఒకేసారి ఎన్ని ఫైళ్ళు తెరిచి ఉంచవచ్చో సిస్టంలో ఒక పరిమితి ఉంటుంది. అది దాటగానే మా ప్రోగ్రాం ఆగిపోయేది. పరిమితి పెంచమంటే పైవాళ్ళు ఒప్పుకోలేదు.

అప్పుడు నాన్న మందను సంబాళించే తీరు గుర్తొచ్చింది. సాయంత్రం గొర్రెలు ఇల్లు చేరాక, గంపల కింద మూసిన పిల్లలన్నిటినీ ఆయన ఒక్కసారే వదిలేవాడు కాదు. కొన్నిటిని వదిలి, పాలు తాగినవాటిని మళ్ళీ మూసి, తర్వాతవాటిని వదిలేవాడు. నేనూ అలాగే రాశాను. కొన్ని ఫైళ్ళే తెరిచి ఉంటాయి. అన్నిటికంటే ముందు పని ముగించుకున్నదాన్ని మూసి, ఇంకోటి తెరవాలి. ఒక ఉదయం దాన్ని నడిపించి, బాగానే ఉందని టిఫినుకు వెళ్ళాను.

మధ్యాహ్నానికి నా తప్పు తెలిసింది. మూసిన ఫైలును మళ్ళీ తెరిచేటప్పుడు, పాతదాని కింద రాయమని చెప్పాలి. నేను మొదట్నుంచి కొత్తగా రాయమని చెప్పాను. మళ్ళీ తెరిచిన ప్రతిసారీ పాతదంతా తుడిచిపెట్టుకుపోయింది. రీడింగులకు పై సర్వర్లో కాపీ ఉంది. మాటలకు లేదు.

నాన్న ఫైలు తెరవడానికి చేతులాడలేదు. ఆయన్ని నా చేత్తో నేనే పోగొట్టుకున్నానని కుర్చీలో కూర్చునే ఏడ్చాను.

చివరికి తెరిస్తే అంతా ఉంది. మొదటి రోజు నుంచీ.

ఏ ఫైలు ఎప్పుడు మూసిందో ప్రోగ్రాం ఒక జాబితాలో రాసుకుంటుంది. ఆ ఉదయం మిగతా ప్రతి ఫైలూ చాలాసార్లు మూతపడి తెరుచుకుంది. నాన్నది ఒక్కసారీ మూతపడలేదు. దానికీ అన్నిటిలాగే పావుగంటకో రీడింగు వచ్చింది. వరసలో అది మొదటిదీ కాదు, చివరిదీ కాదు. అవే రీడింగులు ఇంకో కంప్యూటర్లో పెట్టి అదే ప్రోగ్రాం నడిపితే, ఆ ఫైలు కాపీ కూడా మిగతావాటిలాగే తుడిచిపెట్టుకుపోయింది. మా సీనియర్ ఇంజనీరు రెండు రోజులు కోడ్ చదివి తల అడ్డంగా ఊపాడు. ఎందుకలా జరిగిందో నాకు ఈరోజుకీ తెలీదు.

ఆ మాటలన్నీ కాగితం మీద తీసుకుని ఇంటికెళ్ళి అమ్మకు చదివాను.

"మూడో వరస కొసన ప్యానెలు పగిలుండాది, నేను ముట్టలేదు."

"ఈడ పిచ్చుక గూడు కట్టుకోనుండాది, నీళ్ళు మెల్లగా కొట్టమని చెప్పండప్పా."

"మా పాప పొద్దున తినకుండానే వచ్చిండాది, ఎవరన్నా అడగండప్పా."

చివరిది నేను సీట్లో లేనప్పుడు ఎవరో టైపు చేసింది. అలా ఫోన్ చేశాడని నాకు తెలియనే తెలియదు.

అమ్మ ఆశ్చర్యపోలేదు. ఆ ఫైలొక్కటే ఎలా మిగిలిందని అడగనూ లేదు. కళ్ళు మూసుకుని విన్నది. అయిపోయాక, "ఇంగా ఉండాయా?" అంది. లేవన్నాను.

"అయితే మళ్ళీ మొదట్నుంచి సదువుమ్మా" అంది.