రెండింతల పప్పుచారు

మా లెక్కల సారు సంకలన విలోమం చెప్పిన రోజు నాకే ఇబ్బందీ కలగలేదు. ఐదుకు మైనస్ ఐదు కలిపితే సున్నా. వేసింది తీసేశాం, అయిపోయింది. మర్నాడు గుణకార విలోమం అన్నారు. ఐదును ఐదో వంతుతో గుణిస్తే ఒకటట. అక్కడ సున్నా, ఇక్కడ ఒకటి ఎందుకని లేచి అడిగాను. కలిపినా ఏ మార్పూ తేనిది సున్నా, గుణించినా ఏ మార్పూ తేనిది ఒకటి, విలోమం మనల్ని అక్కడికి చేరుస్తుందంతే అన్నారు సారు. బుర్రకెక్కలేదు. ఎక్కనిదాన్ని వదిలిపెట్టే గుణం నాకు లేదు. కోనరావుపేట బడి నుంచి మా ఊరిదాకా నడుస్తూ అదే నెమరేశాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ, నాయినమ్మ పొయ్యి దగ్గర పోట్లాడుకుంటున్నారు. పప్పుచారులో ఉప్పు వేసి అమ్మ కట్టెల కోసం బయటికి వెళ్ళింది. వేయలేదనుకుని నాయినమ్మ మళ్ళీ అంతే వేసింది. ‘అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు’ అంటుందట ఉప్పు. మావాళ్ళు రెండుసార్లు వేసి చూశారు. కోపం నామీదికి మళ్ళింది.

“సదువుకుంటున్నవు గదా, తియ్యి మరి ఉప్పు” అంది అమ్మ.

కరిగిన ఉప్పును ఎవరు తీయగలరు? మైనస్ పనికిరాదు. గరిట పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఉప్పదనం రెండింతలైంది, దాన్ని సగం చేయాలి. ఉప్పు జోలికి పోకుండా పప్పు, చింతపులుసు, కారం, నీళ్ళు అన్నీ రెండింతలు చేస్తే? ఇంకోసారి పప్పు ఉడికించి, అంతా పెద్ద గంజులోకి మార్చాం. రుచి చూస్తే అచ్చం రోజూ తినే చారే. నా సంబరం చెప్పనలవి కాదు. రెండుకు విలోమం సగమని అప్పటికి నా నాలుకకు తెలిసింది.

అప్పుడే పోలీసులు వచ్చారు. అడవిలోని నక్సలైట్లను మా దగ్గర అన్నలనేవాళ్ళు. ఇంటి మనుషులకు మించి వండితే అది అన్నలకేనని పోలీసుల అనుమానం. ఆ అనుమానంతోనే తీసుకుపోయిన మా పక్కింటాయన తిరిగొచ్చాక మళ్ళీ సరిగా నడవలేదు.

ఎస్సై గంజు మూత తీసి, ఇంత ఎవరికని మా బాపును అడిగాడు. నేనే ముందుకెళ్ళి ఉప్పు సంగతంతా చెప్పాను, విలోమంతో సహా. ఆయన అరచేతిలో కాస్త చారు పోసుకుని నాకాడు.

“ఉప్పు సరిగ్గానే ఉంది కదా” అన్నాడు.

నా పై ప్రాణం పైనే పోయింది. లెక్క తప్పుగా చేసి ఉంటే నా మాట నమ్మేవాడు. సరిగ్గా చేసి సాక్ష్యాన్ని నేనే మాయం చేశాను. కానిస్టేబులు బాపు రెక్క పట్టుకున్నాడు.

అమ్మ లోపలికెళ్ళి అన్నం గిన్నె తెచ్చి ఎస్సై ముందు పెట్టింది. అందులో ఉన్నది మా ఇంటికి మాత్రమే సరిపోయే అన్నం.

“గీ అన్నం చూడుండ్రి సారూ. అచ్చెటోళ్ళు ఉత్త చారు తాగి పోతరా?”

ఎస్సై గిన్నెనూ గంజునూ మార్చి మార్చి చూశాడు. బాపును వదలమని కానిస్టేబులుకు చెప్పి వెళ్ళిపోయాడు.

తినడానికి కూర్చున్నా బాపు చూపు తలుపు మీదే ఉంది. నాకేమో, సిగ్గు లేకుండా, అన్నం కూడా రెండింతలు వండి ఉంటే ఏమయ్యేదని ఒకటే ప్రశ్న. ఆ మాట పైకే అనేశాను. బాపు చేతిలోని ముద్ద కంచంలో పెట్టి నా వైపు తిరిగాడు.

“ఇంకోసారి ఉప్పు ఎక్కువైతే ఉప్పగనే తిందాం బిడ్డా” అన్నాడు.