హౌజులో ఎర్ర చేప

డెబ్బైల్లో ఖాజాగూడలో నేను కిరాయికున్న ఇంటి యజమాని పెద్దాయనకు పెరట్లో రాతి నీళ్ల హౌజు ఉండేది. నిండా మూరెడేసి చేపలు. సరే, బెత్తెడు. ఏటా చలికాలం ముందు చేపలను గంగాళంలోకి మార్చి, నీళ్లు తోడి, పాచి గీకేది నేనే. ఆయన గట్టుమీద కూర్చుని, ఎర్ర చేపను వేలితో చూపి, "అది నీదే బిడ్డా. ఎవ్వరికి జెప్పకు" అని గుసగుసలాడేవాడు. నా పలహారంలోంచి దానికి అటుకులు దాచేవాణ్ణి.

మూడో ఏడు పక్కగది కిరాయిదారు చీపురుతో వచ్చి, "నా ఎర్రది పైలం అన్నా, దెబ్బ తగలొద్దు" అన్నాడు.

నేను పెద్దాయన వైపు చూశాను.

"ఇద్దరిదంటె ఏమైతది? ఇంటికి తీస్కపోతరా ఏంది?" అని నవ్వాడాయన.

ఆ రోజే ఇల్లు ఖాళీ చేశానని అందరికీ చెబుతాను. అబద్ధం. మరుసటి ఏడు, పక్కగది అతను లేవకముందే హౌజులోకి దిగాను.