రొట్టెలో కాగితం

ఆ వారమంతా అమ్మ కాలు ఒక్కచోట నిలవలేదు. గద్వాలలో పాత జైలును బాగుచేసి, రజాకార్ల కాలంలో అందులో మగ్గినవాళ్ల గుర్తుగా జనం చూడటానికి తెరిచారని ఎవరో చెప్పారు. నైజాము సర్కారు మా తాతను, అంటే అమ్మ తండ్రిని, పెట్టింది ఆ జైల్లోనే. ఇక పొయ్యి మీద పాలు పొంగినా పట్టదు, పిలిస్తే పలకదు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి చిన్నపిల్లలా నా ప్రాణం తోడేస్తుంటే, విసుక్కుంటూనే ఒకరోజు సెలవు పెట్టాను.

తెలకపల్లి నుంచి నాగర్‌కర్నూలు, అక్కణ్నుంచి వనపర్తి, పెబ్బేరు. బస్సు ఎక్కడ ఆగినా అమ్మ లేచి నిలబడేది. కూర్చోమంటే కూర్చుని మళ్లీ లేచేది. ఒళ్లో గుడ్డలో కట్టిన జొన్నరొట్టెలు. ఆకలేస్తోంది, ఒకటి ఇమ్మంటే ముట్టనివ్వలేదు. నాకు ఒళ్లు మండింది. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే, నా మొహం చూడకుండా చెప్పడం మొదలుపెట్టింది.

అప్పుడు తనకు ఎనిమిదేళ్లట. పక్క ఊరి నుంచి నడిచొచ్చి రోజూ తాతకు రొట్టెలు ఇచ్చిపోయేది. గేటు దగ్గరి జవాను మూట తీసుకుని లోపలికి పంపేవాడు, తనను మాత్రం గేటు దాటనిచ్చేవాడు కాదు. ఒకరోజు కొత్త జవాను వచ్చాడు. ఏమైనా దాచారేమోనని రొట్టెలు ఒక్కొక్కటీ తుంచడం మొదలుపెట్టాడు. అడుగు రొట్టెలో అమ్మమ్మ కాగితం మడిచి పెట్టిందని అమ్మకు తెలుసు. కానీ తన బాధ కాగితం గురించి కాదు. ఆ తునకలు నాయిన ఎట్లా తింటాడని గట్టిగా ఏడ్చింది. కాగితం కిందిదాంట్లో ఉంది, మిగిలినవి తుంచకు అని చెప్పేసింది.

ఆ రోజుతో ఇంటి రొట్టె బందైంది. తాత విడుదలై వచ్చేసరికి ఎముకలగూడు, ముందు పళ్లు రెండు లేవు. పళ్లు లేకనే కాబోలు, బతికినన్నాళ్లూ రొట్టెను తునకలు చేసుకుని, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని తినేవాడట. కాగితం సంగతి ఎవరు చెప్పారో ఆయన ఎన్నడూ అడగలేదు. అమ్మ చెప్పనూ లేదు.

"ఎవరో పెద్దోళ్లు పట్టిచ్చిన్రనుకొనే పాయె నాయిన," అంది అమ్మ. "గా జైలు అర్రల నిలబడి, నేనే అని చెప్పొస్త. గంతే."

రొట్టె కోసం కసురుకున్నందుకు నాకు సిగ్గేసింది.

జైలు గేటు దగ్గర టికెట్లు చూసే పెద్దాయన, తినే వస్తువులు లోపలికి తేవద్దన్నాడు. అమ్మ మూట విప్పింది. ఒక్కో రొట్టెనూ రెండుగా విరిచి, లోపల ఏమీ లేదని ఆయనకు చూపించింది. ఆయన పరేషానై నా వైపు చూశాడు. తాత ఇక్కడే ఉండేవాడని చెప్పాను. ఆయన పక్కకు జరిగాడు.

అద్దాల పెట్టెల్లో సంకెళ్లు, గోడల మీద ఫొటోలు, ఎక్కడ చూసినా కొత్త సున్నం వాసన. అమ్మ వాటివైపు చూడనే లేదు. మెట్లెక్కగానే మొదటి గది అని తాత చెప్పేవాడట. నేరుగా అందులోకి వెళ్లి గోడకు ఎదురుగా నిలబడింది. 'నాయినా' అని పిలిచి, అక్కడితో ఆపేసింది. అటూ ఇటూ రెండుసార్లు తిరిగి, గాలి కోసం కిటికీ దగ్గరికి పోయి, అక్కడే ఆగిపోయింది.

నేనూ వెళ్లి చూశాను. గేటు సరిగ్గా కింద ఉంది. చెప్పులు బయట విడవమని పెద్దాయన ఎవరికో చెప్తున్న మాట, పక్కన నిలబడి చెప్పినట్టే వినిపించింది.

అమ్మ కిటికీ ఊచలు పట్టుకుంది.

"ఇన్నడే," అంది. "నేను ఏడిసింది చూసిండు. నేను చెప్పింది ఇన్నడు."

ఊచలు వదిలి కింద చతికిలబడి మూట విప్పింది. విరిచిన రొట్టెను ఇంకా చిన్నగా తుంచి, ఒక తునక నోట్లో పెట్టుకుంది. నమలలేకపోయింది.

"పండ్లు లేక తుంచుకుంటుండనుకున్న ఇన్నేండ్లు," అంది. "తునకలు గూడ తింటనని నాకు సూపెట్టిండు బిడ్డా."