అవతలి పక్షం ఓంప్రకాష్

మా ఓంప్రకాష్ సార్‌కు ఒకే ఒక్క జబ్బు. ఎవరు ఏం చెప్పబోయినా "ఆగు, ముందు అవతలి పక్షాన చెప్పు" అంటారు. అవతలి మనిషి తరఫున వాదించి మెప్పిస్తేగానీ మన గోడు వినరు. పంజాగుట్టలో సాయంత్రం లా కాలేజీలో మాకు పాఠాలు చెప్పినన్నాళ్లూ ఇదే తంతు, జడ్జి అయ్యాక కూడా ఇదే తంతు. మధ్యలో అమీర్‌పేట మొత్తం నలిగిపోయింది. నలిగినవాళ్లలో మా అమ్మ కమలవ్వ కూడా ఉంది. ఆమె బ్లౌజులు కుట్టే అద్దె కొట్టు, అదే మా ముల్గీ, ఉంటుందా ఊడుతుందా అన్నది చివరికి ఈ జబ్బు చేతికే చిక్కింది. ఆ ముచ్చట చెప్తాను గానీ, ముందు మనిషి తెలియాలి.

అమీర్‌పేట సందులో ఐలయ్య టిఫిన్ బండి ఉంది. ఒకరోజు ఎవరో కోచింగ్ కుర్రాడు "గిదేం చట్నీ అన్నా, అన్ని నీళ్లే" అని ఐలయ్య మీదికి లేచాడు. పక్కన ఇడ్లీ తింటున్న సార్ ప్లేటు కింద పెట్టారు.

"బాబూ, ముందు ఐలయ్య పక్షాన చెప్పు."

"నేనెందుకు చెప్పాలె అంకుల్?"

"జర చెప్పు, చూద్దాం."

వాడు బుర్ర గోక్కున్నాడు. "పల్లీల రేటు మస్తు పెరిగింది... చీకట్ల లేసి రుబ్బాలె... మా హాస్టల్ పోరలు ఒక్క ఇడ్లీ తీసుకొని గిన్నెడు చట్నీ తాగుతరు..." చెప్పేకొద్దీ వాడికి ఆవేశం వచ్చేసింది. "అసలు మాలాంటోళ్లకు రెండోసారి చట్నీ పొయ్యద్దు!" అని తేల్చి పారేశాడు. ఐలయ్యకు ఆ తీర్పు తెగ నచ్చింది. ఆ రోజు నుంచి ఎవరికీ రెండోసారి పోయడం లేదు, సార్‌తో సహా.

ఇంకోసారి పంజాగుట్ట చౌరస్తాలో కానిస్టేబుల్ మొగిలయ్య సార్ స్కూటర్ ఆపాడు. ఎర్రలైటు దాటారు మరి.

"ఆగు తమ్మీ, ముందు నేను నీ పక్షాన చెప్త" అంటూ సార్ నడిరోడ్డు మీద స్టాండు వేశారు. లా చెప్పే పంతులే లైటు దాటితే ఈ దేశం ఏం కావాలని తనను తానే చెడామడా తిట్టుకున్నారు. వెనక బస్సుల హారన్లకు ఫ్లైఓవర్ అదురుతోంది. "ఇప్పుడు నువ్వు నా పక్షాన చెప్పు."

మొగిలయ్యకు చెమటలు పట్టాయి. "పెద్దమనిషివి... ఎండ కండ్లల్ల కొడ్తుంది, లైటు కానరాలే... పోనియ్యాలె సార్ నిన్ను."

"శభాష్! మంచిగ వాదించినవ్."

"అయితే పోండ్రి సార్, దండం పెడ్త."

"గట్లెట్ల పోత? నా వాదన నీ వాదన కంటే గట్టిగున్నది. రాయి చలానా!"

బతిమాలి చలానా రాయించుకుని, గెలిచిన ఉత్సాహంతో ఇంటికి వెళ్లారు.

ఇంట్లో మాత్రం ఆయన పప్పులు ఉడకవు. సార్ భార్య సీతామహాలక్ష్మి గారిది కాకినాడ. ఓ రాత్రి సార్ కంచం ముందు మొహం చిట్లించగానే ఆవిడ గరిటె పట్టుకుని నిలబడింది.

"ఏంటండీ, ఉప్పెక్కువైందా? అయితే ముందు నా పక్షాన చెప్పండి."

సార్ చెప్పారు. ఉప్పు డబ్బా మూత వదులని, ఆ మూత మార్చమని ఆవిడ ఎన్నాళ్లుగానో పోరుతోందని, మార్చని దద్దమ్మ ఎవరని... అక్కడ ఆగిపోయారు. తర్వాత నోరు మూసుకుని మారు వడ్డించుకున్నారు.

ఇక క్లాసు. నేను సిరిసిల్ల నుంచి వచ్చిన నేత కుటుంబం పిల్లను, తెలుగు మీడియం. కాలేజీలో చేరిన కొత్తలో ఎవరైనా ప్రశ్న అడిగితే లేచి నిలబడి, తల దించి, కాలి బొటనవేలు చూసుకునేదాన్ని. వెనక బెంచీల్లో ఒకటే నవ్వులు. "అనుపమా, నీ బొటనవేలు ఏమన్నది?" అని ఏడిపించేవాళ్లు. సార్ అవతలి పక్షం ఆట ఆడించడం మొదలుపెట్టాక మాత్రం, ఓ రోజు దొంగ పక్షాన మాట్లాడమంటే గంట కొట్టినా ఆపలేదు. క్లాసంతా కలిసి దొంగను వదిలేశారు.

పగలు వకీలుగా, సాయంత్రం పంతులుగా ఉన్న సార్ జడ్జి పరీక్ష రాశారు. ఇంటర్వ్యూలో "మిమ్మల్ని జడ్జిగా ఎందుకు తీసుకోవాలి?" అని అడిగితే, "ఎందుకు తీసుకోవద్దో ముందు చెప్త" అని అరగంట చెప్పారట. ఎట్లా ఎంపికయ్యారో ఇప్పటికీ ఎవరికీ అర్థం కాదు.

కోర్టులో మొదటి వారమే గోల మొదలైంది. వకీళ్లను అవతలి పక్షాన వాదించమన్నారు. ఒక పెద్ద వకీలు పౌరుషానికి పోయి అవతలి పక్షాన దంచేసరికి, ఫీజు ఇచ్చిన క్లయింటు బెంచీ మీద సొమ్మసిల్లాడు. ఫిర్యాదులు వెళ్లాయి. నడిచే కేసుల్లో ఈ వేషాలు వద్దని పైనుంచి మాట వచ్చింది. సార్‌కు అన్నం సయించలేదు. చివరికి ఆయన ప్రాణం లోక్ అదాలత్‌లో పడింది. అక్కడ తీర్పు ఉండదు, రెండు పక్షాలూ ఒప్పుకుంటే రాజీ, లేకపోతే లేదు. అడిగేవాడెవడు!

సరిగ్గా అక్కడికే వచ్చింది మా అమ్మ ముల్గీ. ఓనరు విజయేందర్ అదే బిల్డింగులో మూడో అంతస్తులో ఉంటాడు. "సొంత అవసరానికి" అని నోటీసిచ్చాడు. సొంత అవసరమూ లేదు, పాడూ లేదు, కోచింగ్ సెంటరుకు ఇవ్వడానికే అని మా వాదన. కింది కోర్టులో ఓడిపోయాం. అప్పీలు చేస్తే రాజీ కోసం ఇక్కడికి పంపారు. రాజీ కుదరక అప్పీలులోనూ ఓడితే అమ్మ కుట్టు మిషను రోడ్డు మీదే. నేనే వకీలును. బెంచీ మీద మా సార్. పంజాగుట్ట వకీళ్లలో సగం మంది ఆయన శిష్యులే కాబట్టి దానికి ఎవరూ ఏమీ అనలేదు.

"అందరు మంచిగ కూసోండ్రి" అన్నారు సార్, చేతులు రుద్దుకుంటూ. "అనుపమా, నువ్వు విజయేందర్ పక్షాన చెప్పు."

విజయేందర్ వకీలు బుచ్చిబాబు గారు ఉలిక్కిపడ్డారు. "అదేంటండీ, మరి నేనేం చెయ్యాలి?"

"మీరు వినుండ్రి."

నాకు పాత క్లాసు పూనకం వచ్చింది. సొంత బిల్డింగులో సొంత గది అడిగే హక్కు లేకపోతే ఆస్తి అన్న మాటకు అర్థమేముందని గొంతెత్తాను. బుచ్చిబాబు గారు గబగబా రాసుకుంటున్నారు. వెనక నుంచి అమ్మ నా కొంగు గుంజింది. "ఏం పుట్టింది నీకు? ఇంటికి రా, నీ సంగతి చెప్త."

"ఆగవమ్మా" అని సార్ విజయేందర్ వైపు తిరిగారు. "ఈ పిల్లకు కమలవ్వ పక్షాన నువ్వు జవాబు చెప్పు."

విజయేందర్ కాసేపు మీసం దువ్వాడు. మొదట నసిగాడు, తర్వాత అందుకున్నాడు. "హక్కంటే అయిపాయెనా? గీ సందుల పెండ్లిల్లన్నిటికి బట్టలు నేనే కుట్టిన. నా ముల్గీ పోతే గిరాకీ యాడికి రావాలె? గా విజయేందర్‌గానికి పండుగకు అంగీ కుట్టింది సుత నేనే. మనిషేనా వాడు!"

"అయ్యా, ఆ విజయేందర్ మీరేనండీ!" అంటూ బుచ్చిబాబు గారు తల పట్టుకున్నారు.

"ఉండు భాయ్, నడుమల ఆపకు!"

సార్ మొహం మతాబులా వెలిగింది. "ఇగ కమలవ్వా, నువ్వు విజయేందర్ అనుకో."

అమ్మ పళ్లు కొరుకుతూ లేచింది. "నేను విజయేందర్‌ను. నాకు గీ ముల్గీ కావాలె. ఎందుకంటే... నాకు బుద్ధి లేదు గనక. పొద్దున పాల ప్యాకెట్‌కు దిగుత. మళ్ల ఎక్కే ముందు కమలవ్వ స్టూలు మీద కూసుంట. శానా సేపు కూసుంట. మెట్ల దిక్కు చూస్త. పేపర్ చదివినట్టు చేస్త గని, పేపర్ తిరగేసి పట్టుకుంట..." అమ్మ ఆగిపోయింది. గొంతు మెత్తబడింది. "అన్నా, నీకు మోకాళ్లు నొస్తున్నయా?"

విజయేందర్ నేల చూపులు చూశాడు. "మెట్లెక్కుతుంటే పాణం పోతుందవ్వా. ముసలోడినైతినని నలుగుట్ల ఎట్ల చెప్పుకోను? కిందనే ఉందామనుకున్న."

"గా మాట ముందే చెప్తే అయిపోతుండెగద! ఎనక అర్ర ఊకెనే ఉన్నది, పాత బట్టల మూటలు తప్ప ఏం లేవు. దాంట్ల ఉండు."

అంతే, రాజీ అయిపోయింది. వెనక గదిలో విజయేందర్, ముందు గదిలో అమ్మ మిషను. ఖాళీ అయిన మూడో అంతస్తులోకి నిజంగానే కోచింగ్ సెంటరు వచ్చింది. ఆ పిల్లల బట్టలకు బొత్తాలు కుట్టే పని కూడా అమ్మకే దొరికింది.

కొన్నాళ్లయ్యాక సకినాల డబ్బా పట్టుకుని సార్ ఇంటికి వెళ్లాను.

"జడ్జికి సకినాలు ఇయ్యద్దు" అన్నారు సార్ డబ్బా వైపు ఆశగా చూస్తూ. "అవతల పెట్టు."

వంటింట్లో సీతామహాలక్ష్మి గారికి ఈ కోర్టు భాగోతమంతా చెప్పి నవ్వాను. "ఈ జబ్బు సార్‌కు ఎప్పటినుంచి మేడమ్? పుట్టుకతోనా?"

"పుట్టుకతో ఎందుకుంటుందమ్మా? మీ బ్యాచ్ వచ్చేదాకా ఆయన శుభ్రంగానే ఉండేవారు." ఆవిడ చాయ్ వడపోస్తూ చెప్పింది. "క్లాసులో ఒక పిల్ల తన మాట తను చెప్పలేకపోతోంది, కానీ కాలేజీ బయట పక్కపిల్ల తరఫున ఆటోవాడితో దుమ్ము దులిపి పోట్లాడింది, చూశానన్నారు. ఆ ఒక్కదాన్నే అవతలి పక్షాన మాట్లాడమంటే చిన్నబుచ్చుకుంటుందని అందరిచేతా మొదలుపెట్టించారు. తర్వాత ఆ రుచి మరిగి మా ప్రాణాలు తీస్తున్నారు."

నా కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ ఊరంతా చెప్పుకుని నవ్విన జబ్బు నా మందన్నమాట! గబగబా హాల్లోకి వచ్చాను.

"సార్, మీరు నా కోసం..."

"ఆగు. ముందు అవతలి పక్షాన చెప్పు."

ముక్కు తుడుచుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, ఆయన గొంతు పెట్టాను. "నేను ఓంప్రకాష్‌ను. ఒక్క పిల్ల భయం పోగొట్టనీకి ఊరందరిని సతాయించిన. పిల్ల నోరు తెరిచినంక సుత ఆపలే. నేరం ఒప్పుకుంటున్న. ఇప్పుడు మీరు నా పక్షాన చెప్పండి సార్."

సార్ లేచారు. తల దించి, కాలి బొటనవేలు చూసుకుంటూ నిలబడ్డారు.

చాయ్ తెచ్చిన సీతామహాలక్ష్మి గారు కంగారుపడ్డారు. "ఏంటండీ, అలా నిలబడిపోయారు?"

"అనుపమ పక్షాన వాదిస్తున్న" అన్నారు సార్ తలెత్తకుండా. "ఇంక ఫస్టియర్‌లనే ఉన్నది."

ముగ్గురం పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ గడబిడలో సార్ చెయ్యి మెల్లగా సకినాల డబ్బాలోకి వెళ్లింది. నేను చూడనట్టే ఉన్నాను. అవతలి పక్షాన్ని కూడా ఆలోచించాలి కదా.